ఒళ్ళంతా చెవులైన వేళ

బోనాల నాడు సికింద్రాబాద్ పక్కనున్న బొల్లారంలో డప్పు మోతకన్నా ముందు పొగ లేస్తుంది. ఆషాఢం కదా, పైన మబ్బు, కింద తడి. గుడి దగ్గర ఓ పక్కన ఎండుగడ్డీ, పాత కాగితాలూ పోగేసి మంట వేస్తారు. డప్పుల వాళ్ళు ఆ మంటకు డప్పు మొహం చూపిస్తారు, వేళ్ళతో తట్టి చూస్తారు, తల అడ్డంగా ఊపి మళ్ళీ మంటకు చూపిస్తారు. వానాకాలం తోలు తేమ పీల్చుకుని వదులవుతుంది. వదులైన తోలు గొంతు పూడిపోయిన మనిషిలా బొంగురుగా మోగుతుంది. వేడి తగిలి తేమ ఆరితే తోలు బిగుసుకుంటుంది, శ్రుతి పైకి లేస్తుంది, దెబ్బ వేస్తే ఖణేల్‌మంటుంది. గంటా రెండు గంటలు కొట్టాక మళ్ళీ వదులు, మళ్ళీ మంట.

ఫోనులో డప్పు పాట వినేవాళ్ళకు ఈ మంట సంగతి తెలిసే దారి లేదు. ఎదురుగా నిలబడ్డవాళ్ళకే అందే ఇలాంటి సంగతులు ఇంకా చాలా ఉన్నాయి. కొన్ని ఏరి ఇక్కడ పెడుతున్నాను. మొదలు బొల్లారం నుంచే.

రెండు చేతుల్లో రెండు పుల్లలు

డప్పు కొట్టేవాళ్ళ చేతుల్లో పుల్లలు ఒక్కలా ఉండవు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది సిర్ర. ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా ఉండేది సిటికెన పుల్ల. సిర్ర గట్టి దెబ్బ వేస్తుంటే సిటికెన పుల్ల సందుల్లో చిటపటలాడుతుంది. కళ్ళు మూసుకుని వింటే ఇద్దరు కొడుతున్నారనిపిస్తుంది. కళ్ళు తెరిస్తే ఒక్కరే, పైగా అడుగులు వేస్తూ, తిరుగుతూ, వంగి లేస్తూ కొడుతుంటారు.

చెవికి తెలియని చప్పుడు కాళ్ళకు తెలిసింది

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పరిశోధన కోసమే కట్టిన కచేరీ హాలు ఒకటుంది. అక్కడ ఆర్ఫెక్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీత జంట కచేరీ జరుగుతుండగా పరిశోధకులు చెవికి దాదాపు అందనంత లోతైన మంద్ర ధ్వనులు పలికే స్పీకర్లను మధ్యమధ్యలో ఆన్ చేస్తూ, ఆపుతూ పోయారు. ఆ స్పీకర్లు ఎప్పుడు మోగాయో, ఎప్పుడు ఆగాయో ప్రేక్షకులు పసిగట్టలేకపోయారు. కానీ అవి మోగినంతసేపూ వాళ్ళ కదలికలు సగటున 11.8 శాతం పెరిగాయి. 2022లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

డప్పు పలికేది అంత లోతైన ధ్వని కాదు, అది చక్కగా వినిపించేదే. అయినా దాని ఎదురుగా నిలబడితే దెబ్బ రొమ్ము మీద పడినట్టు ఎందుకుంటుందో ఈ ప్రయోగం చదివాక నాకు కొంత అర్థమైంది. అరచేతిలో పట్టే ఫోను స్పీకరుకు ఆ పని చేతకాదు. గాలిని అంత బలంగా నెట్టడానికి దానికి చోటే లేదు.

బొల్లారం రోడ్డు మీద 1855

ఇది పాతకాలపు సంగతి, కొంచెం తీరిగ్గా చెప్పాలి. 1855 నాటికి బొల్లారం హైదరాబాద్ కంటింజెంట్ సేనకు స్థావరం. పేరుకు నిజాం కోసం నిలిపిన సేన, నడిపేది మాత్రం ఇంగ్లీషు అధికారులు. అప్పుడు ఇక్కడి బ్రిగేడియర్ కోలిన్ మెకంజీ. మొదటి ఆఫ్ఘన్ యుద్ధంలో బందీగా చిక్కి బతికి బయటపడ్డ మనిషి. దైవభక్తి ఎక్కువ, ఆదివారం నాడు ప్రార్థన తప్ప మరో సందడి ఉండకూడదని నమ్మేవాడు.

ఆ ఏడు మొహర్రం సెప్టెంబరులో వచ్చింది. ముఖ్యమైన రోజు కాస్తా ఆదివారానికి తగిలేలా ఉంది. శనివారం అర్ధరాత్రి నుంచి ఆదివారం అర్ధరాత్రి దాకా ఊరేగింపులూ వాద్యాలూ కూడదని మెకంజీ ఆజ్ఞ వేశాడు. పండుగ ఆ రోజునే అని తెలిశాక సవరించి, ఎవరి లైన్లలో వాళ్ళు జరుపుకోవచ్చన్నాడు. కానీ మనసులు అప్పటికే విరిగిపోయాయి. సెప్టెంబరు 21న ఊరేగింపు వాద్యాలతో సహా ఆయన బంగళా పక్క రోడ్డు మీదుగానే సాగింది. ఆయన బయటికి వచ్చి ఆపబోయాడు, పట్టుకెళ్తున్న జెండాలు లాక్కున్నాడు. కాసేపటికి మూడో అశ్వికదళం సవార్లు కత్తులతో ఆయన మీద పడ్డారు. ఒంటినిండా గాయాలతో ప్రాణం దక్కించుకున్నాడు. గవర్నర్ జనరల్ డల్హౌసీ తిరుగుబాటును ఖండిస్తూనే, ఆ ఆజ్ఞ తెలివితక్కువదని మెకంజీనీ తప్పుపట్టాడు. 1857కి ఇంకా రెండేళ్ళు ఉంది.

కత్తిపోట్లను మెచ్చుకోవడానికి ఈ కథ చెప్పడం లేదు. నా దృష్టి వేరే చోట ఆగింది. ఆ కాలంలో సంగీతమంటే మనుషులు వచ్చి మోగించేదే. గోడ మీద మీట నొక్కి ఆపడానికి వీల్లేదు. దాన్ని ఆపాలంటే మనుషులకు అడ్డం వెళ్ళాలి. ఒక వాద్యం మోగుతోందంటే అక్కడ ఒక గుంపు ఉన్నట్టు, ఆ గుంపుకి ఒక నమ్మకం ఉన్నట్టు. మెకంజీకి అది రొదగా వినిపించింది. మోగించేవాళ్ళకు అది వాళ్ళ దుఃఖం.

ఒకే ఏడాది, రెండు ఊళ్ళు

బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847లో కట్టినది, విక్టోరియా రాణి సొమ్ముతో. 1983 నవంబరు 20న, తన పెళ్ళిరోజు నాడు, రెండో ఎలిజబెత్ రాణి ఇక్కడికి వచ్చి ప్రార్థనలో కూర్చున్నారు. ఆ చర్చి లేచిన 1847లోనే, జనవరి 6న, తిరువయ్యారులో త్యాగరాజు కన్నుమూశారు. అక్కడ పుష్య బహుళ పంచమికి ఏం జరుగుతుందో కాసేపట్లో చెబుతాను.

రాష్ట్రపతి ఇంట్లో ఈశాన్యపు డోలు

బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం 1860లో కట్టిన భవనం, ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. చుట్టూ తోటలతో కలిపి 90 ఎకరాలు. 2023 ఉగాదికి దీన్ని ఏడాది పొడవునా జనం చూసేలా తెరిచారు. మరుసటి ఏడు సెప్టెంబరు 28న ఇక్కడ తొలి భారతీయ కళా మహోత్సవం మొదలైంది. ఎనిమిది ఈశాన్య రాష్ట్రాల కళాకారులూ చేతిపనివారూ వచ్చారు. అక్టోబరు 6 దాకా సాగింది.

ఆ రాష్ట్రాల కళలు కంటితో చూడకపోతే సగమే అందుతాయి. అస్సాం బిహూలో ఊదే పెపా గేదెకొమ్ముతో చేసిన వాద్యం. మణిపూర్ పుంగ్ చోలంలో మద్దెల వాయించేవాళ్ళే గాలిలోకి ఎగిరి గిరగిరా తిరుగుతారు, దెబ్బ మాత్రం తప్పిపోదు. మిజోల చెరావ్‌లో నేల మీద వెదుళ్ళే తాళం. రెండు వెదుళ్ళు టక్కున కలిసేలోగా పాదం బయటికి రావాలి, లేకపోతే మడమ నలుగుతుంది. టేపులో వింటే అది ఉత్త కర్రల చప్పుడు. ఎదురుగా చూస్తుంటే మన కాళ్ళే ముడుచుకుంటాయి.

అల్వాల్ పాట

బొల్లారం పక్కనే అల్వాల్. ప్రజాగాయకుడు గద్దర్ ఇల్లు అక్కడి భూదేవినగర్‌లో ఉంది. 2023 ఆగస్టు 6న ఆయన పోయాక, తను పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే మట్టిచేశారు.

ఆయన పాటలు క్యాసెట్లుగా లెక్కలేనన్ని ఇళ్ళకు చేరాయి. కానీ గద్దర్‌ను ఒక్కసారైనా ఎదురుగా చూసినవాళ్ళు క్యాసెట్ గురించి మాట్లాడరు. గొంగడి, చేతికర్ర, కాళ్ళ గజ్జెలు, పాట మధ్యలో ఆగి జనాన్ని ఒక మాట అడగడం, జనం జవాబివ్వగానే ఆ జవాబు మీదుగా తర్వాతి చరణం ఎత్తుకోవడం గురించి చెబుతారు. 1990లో అజ్ఞాతం నుంచి బయటికి వచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడినప్పుడు వచ్చిన జనసంద్రాన్ని నగరం ఇప్పటికీ తలుచుకుంటుంది. ఆయన రాజకీయాలతో ఏకీభవించని పెద్దలు కూడా ఆ రోజు వెళ్ళి నిలబడ్డామని చెప్పడం నేను విన్నాను.

తీన్‌మార్ ఎక్కడిది?

హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. నిజాం కొలువులో ఆఫ్రికా మూలాలున్న సిద్దీల అశ్వికదళం అది. యెమెన్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు ఉన్న పేట బార్కస్, అంటే బ్యారక్స్. వీళ్ళ డప్పుల కలయికే మర్ఫా. పెళ్ళి బారాత్‌లో మోగి మోగి ఊరిదైపోయింది. తీన్‌మార్ అంటే మూడు దెబ్బలని అర్థం. మర్ఫా దరువు పేరది. ఇవాళ వినాయకుడి నిమజ్జనంలో, బోనాల్లో, ఎన్నికల గెలుపులో తీన్‌మార్ లేని ఊరేగింపు లేదు. తరువాత తరువాత ఆ దరువును లారీ మీద డీజే పెట్టెలు లాక్కున్నాయి. 2024లో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దని ఆదేశించారు. డప్పు, మర్ఫా వాయించేవాళ్ళకు కాస్త పిలుపులు పెరిగితే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. డీజే పెట్టె ముందు నిలబడితే చెవి నొప్పెడుతుంది. మర్ఫా ముందు నిలబడితే భుజం కదులుతుంది.

బొంబాయి రవ్వ పని

కచేరీ మొదలవడానికి పావుగంట ముందే వెళ్ళి కూర్చోండి. మృదంగం ఆయన చిన్న డబ్బా తీసి రవ్వ ముద్ద కలుపుతూ కనిపించవచ్చు. వండుకునే బొంబాయి రవ్వే. నీళ్ళతో తడిపి ముద్దచేసి ఎడమవైపు మూత మధ్యలో అద్దుతారు. ఆ బరువుకు తోలు నెమ్మదిగా కంపించి గుమ్‌మనే మంద్రనాదం వస్తుంది. కచేరీ అయ్యాక గీకేస్తారు. కుడివైపు కనిపించే నల్లటి కరణి మాత్రం శాశ్వతం. చిన్న రాయి, కొయ్యముక్క పెట్టి అంచు చుట్టూ కొడుతూ శ్రుతి చేస్తారు. ఈమధ్య రవ్వకు బదులు రబ్బరులాంటి ముద్ద అతికించేవాళ్ళూ ఉన్నారు. రవ్వ ఆరిపోతే మధ్యలో వేలు తడిపి అద్దడం చూస్తే, ఈ వాద్యం తిండిగింజతో పలుకుతోందా అని ఆశ్చర్యం వేస్తుంది. పిల్లలకు ఇది ఒక్కసారి చూపించండి, ఆ తర్వాత మృదంగం ఎప్పుడు విన్నా రవ్వ గుర్తొస్తుంది.

మూడు నిమిషాల్లో రాగం

1902లో కలకత్తాలో గాయని గౌహర్‌జాన్ గ్రామఫోను కోసం పాడారు. ప్లేటు ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాల చిల్లర. రాత్రంతా రాగం పాడగల మనిషి దాన్ని అంతలోకి కుదించి, చివర్లో తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేవారు. ప్లేట్లు జర్మనీలో అచ్చయ్యేవి, అక్కడి వాళ్ళు లేబుల్ మీద ఎవరి పేరు వేయాలో తెలియాలి కదా. మన దేశంలో పాట ఎంతసేపు ఉండాలో యంత్రం నిర్ణయించడం అలా మొదలైంది. సినిమా పాట ఇప్పటికీ ఆ కొలతకు దగ్గరగానే ఉంది. ఎదురుగా కూర్చుని వినే కచేరీలో మాత్రం కాంభోజి రాగం అరగంట సాగినా అడిగేవాళ్ళు లేరు. సభ బాగుందనిపిస్తే ఇంకో పావుగంట.

వన్స్ మోర్!

తెలుగు పద్యనాటకానికి ప్రేక్షకులు ఇచ్చిన హక్కు ఈ మాట. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో రాయబారం పద్యం పడగానే వెనక వరుస నుంచి కేక వచ్చేది. హార్మోనిస్టు శ్రుతి అందుకునేవాడు, నటుడు అదే పద్యాన్ని మరో రకంగా, ఇంకాస్త సాగదీసిన రాగంతో మళ్ళీ పాడేవాడు. షణ్ముఖి ఆంజనేయ రాజు, పీసపాటి నరసింహమూర్తి, అబ్బూరి వరప్రసాదరావు లాంటి వాళ్ళకు ఒకే పద్యానికి రెండు మూడుసార్లు కేకలు పడేవి. నేలకూలిన పాత్రధారి కూడా వన్స్ మోర్ వినగానే లేచి పద్యం పాడి మళ్ళీ పడుకున్నాడని ఊరూరా ముచ్చటగా చెప్పుకుంటారు.

ఫోనులో కూడా పాటను వెనక్కి తిప్పి వినవచ్చు, నిజమే. అప్పుడు వచ్చేది అదే పాట. వన్స్ మోర్ అంటే వచ్చేది రెండో పద్యం.

ఊరి సంగతి కథలోకి

బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. రాజకీయం వంతు వచ్చినప్పుడు ఆ ఊళ్ళో ఆ వారం జరిగిన సంగతి, రోడ్డు గుంతో, రేషన్ తగవో, అల్లూరి కథ మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. పక్క ఊళ్ళో చెబితే మరో సంగతి. షేక్ నాజర్ దీన్ని ఎంత పదునుగా చేశారంటే జనం కథకన్నా ఆ ముక్క కోసం కాచుకునేవారు. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. రికార్డు చేసిన బుర్రకథలో మన ఊరి పేరు ఉండదు. ఎదురుగా చెప్పేవాళ్ళకు ముందు మన ఊరి పేరే కావాలి.

గుండెలు జతకూడినప్పుడు

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకుడు వోల్ఫ్‌గాంగ్ చాఖర్ బృందం 132 మంది శ్రోతలకు పరికరాలు తగిలించి తంత్రీవాద్య కచేరీలకు కూర్చోబెట్టింది. సంగీతం సాగుతున్నకొద్దీ ఒకరికొకరు తెలియని ఆ మనుషుల గుండె వేగం, ఊపిరి వేగం, చర్మం మీది చెమట స్పందన ఒక దారికి వచ్చాయి. 2023లో అచ్చయిన సంగతి ఇది. మరుసటి ఏడు జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో అడుగు వేశారు. పియానో వాయించేవాళ్ళకు, వింటున్న మనిషి మెదడులో భావోద్వేగాలను చూసుకునే అమిగ్డలా ఎంత చురుగ్గా ఉందో అప్పటికప్పుడు చూపించారు. వాళ్ళు దాన్ని చూస్తూ వాయింపు మార్చుకుంటూ పోయారు. అదే సంగీతం రికార్డుగా వినిపించినప్పటికన్నా ఎదురుగా వాయించినప్పుడు ఆ స్పందన బలంగా, నిలకడగా ఉంది.

మన సభల్లో ఆ యంత్రం అవసరం లేదు. ముందు వరుసలో తొడ మీద తాళం వేస్తున్న తాతగారి చెయ్యి చాలు. గాయకులు దాన్ని చూసే పాడతారు.

మౌలాలి గుట్ట కింద

బొల్లారం నుంచి ఆగ్నేయంగా వెళ్తే మౌలాలి గుట్ట. దాని పాదం దగ్గర మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు చివర హైదరాబాద్ ఆస్థానంలో పాడి, ఆడి, ఉర్దూ గజళ్ళు రాసిన విదుషి. 1824లో పోయారు. రాసిన గజళ్ళు మిగిలాయి. ఆ గొంతు ఎలా ఉండేదో విన్నవాళ్ళతోనే పోయింది.

కొడుకు తీర్చుకున్న బాకీ

1934లో పండిత్ మోతీరామ్ అనే గాయకుడు హైదరాబాద్ వచ్చారు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆస్థాన గాయకుడిగా ప్రకటించాల్సిన రోజునే ఆయన కన్నుమూశారు. కొడుక్కి అప్పుడు నాలుగేళ్ళు. ఆ పిల్లవాడు ఈ నగర వీధుల్లోనే పెరిగాడు. బడికి వెళ్ళే దారిలో ఒక చిన్న హోటల్లో బేగం అఖ్తర్ రికార్డు మోగుతుంటే బడి మానేసి అక్కడే నిలబడిపోయేవాడు. ఆయనే పండిత్ జస్‌రాజ్.

రికార్డు విని గాయకుడైన మనిషి, తండ్రి రుణం మాత్రం ఎదురుగా పాడే తీర్చుకున్నారు. తండ్రి మోతీరామ్, అన్న మణిరామ్ పేర్ల మీద 1972 నుంచి హైదరాబాద్‌లో ఏటా సంగీత సమారోహం నడిపించారు. దేశంలోని పెద్ద పెద్ద విద్వాంసులను పిలిపించి నగరానికి వినిపించారు. 2020 ఆగస్టులో అమెరికాలో పోయేదాకా నవంబరు వస్తే ఆయన మనసు ఇక్కడే ఉండేది. తండ్రికి అందని సభను కొడుకు ఊరంతటికీ ఏటా కట్టి ఇచ్చాడు. ఇంతకన్నా మంచి తర్పణం నాకు తెలియదు.

పంచమి నాడు అందరూ గాయకులే

ఇందాక ఆపిన తిరువయ్యారు సంగతి. త్యాగరాజు సమాధి పాడుబడి ఉంటే, బెంగళూరు నాగరత్నమ్మ తన సొమ్ముతో 1920ల్లో స్థలం కొని గుడి కట్టించారు. అంత చేసినా అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్ళకు పాడే వీలు లేదు. ఆమె ఊరుకోలేదు. ఆడవాళ్ళను కూడగట్టి గుడి వెనకవైపు విడిగా సభ పెట్టి పాడించారు. 1940ల మొదటికి విడివిడిగా జరుపుకునే వర్గాలన్నీ కలిసి ఒకే ఆరాధన అయింది.

పుష్య బహుళ పంచమి పొద్దున నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఐదు పంచరత్న కీర్తనలను వందలాది మంది ఒకే గొంతుగా పాడతారు. పేరున్న విద్వాంసుడి పక్కన నిన్న మొన్న గీతాలు నేర్చిన పిల్ల కూర్చుని పాడుతుంది. అన్నీ ఆదితాళమే, అన్ని చేతులూ ఒక్కసారే లేచి పడతాయి. చుట్టూ తమిళ ఊరు, గొంతుల్లో తెలుగు. అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు అదే రోజుల్లో మన సభల్లోనూ పంచరత్న గోష్ఠి జరుగుతుంది. ఐదు కీర్తనలు పూర్తిగా రాకపోయినా వెనక కూర్చోండి. పక్కవాళ్ళ గొంతు మిమ్మల్ని మోసుకుపోతుంది.

ఎక్కడ కూర్చోవాలి?

కర్ణాటక సంగీత కచేరీలో గాయకుడికి ఎడమవైపు వయొలిన్, కుడివైపు మృదంగం. అప్పుడు మృదంగం కుడి మూత శ్రోతలవైపు వస్తుంది, వేళ్ళ పని కనిపిస్తుంది. ఎడమచేతివాటం మృదంగ విద్వాంసుడైతే రెండో పక్కకు మారాలి, వయొలిన్ కూడా మారాలి. పళని సుబ్రహ్మణ్య పిళ్ళై అంతటి వాడికి ఈ ఒక్క కారణంతో పిలుపులు తగ్గిన రోజులున్నాయి, వయొలిన్ వాళ్ళు కొందరు చోటు మారడానికి ఒప్పుకోక. కాబట్టి మృదంగం చేతులు చూడాలనుకుంటే మీ ఎడమచేతివైపు కుర్చీల్లో కూర్చోండి, కమాను చూడాలంటే కుడివైపు. స్పీకరు ముందు మాత్రం వద్దు.

బొల్లారంలో ఎంఎంటీఎస్ ఎక్కితే సికింద్రాబాద్ ఎంతో దూరం కాదు. అక్కడ హరిహర కళాభవన్ ఉంది. ఇంకాస్త ముందుకు చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, ఆ పైన 1961లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన రవీంద్రభారతి. చాలా సాయంత్రాలు టికెట్ కూడా ఉండదు. తిరుగు బండి వేళ మాత్రం ముందే చూసుకుని వెళ్ళండి. కీర్తన అయిపోయి తాళవాద్యాల వంతైన తని ఆవర్తనం మొదలవగానే ఇక పాట లేదు కదా అని సగం హాలు కాఫీకి లేస్తుంది. కళ్ళు మూసుకుని వాయిస్తున్నట్టు కనిపించినా, ఖాళీ అవుతున్న ఆ కుర్చీలను మృదంగం ఆయన ఒక్కొక్కటీ చూస్తూనే ఉంటాడు. కూర్చుండిపోయినవాళ్ళను కూడా.